అమ్మ గోలీల డబ్బాలో ఏది దేనితో పొసగదు

మీరు అడిగింది టూకీగా ఇదీ. దేవరకొండ దగ్గరి పల్లెలో ఉండే మీ అమ్మకు 58 ఏళ్లు. డాక్టర్ రాసినవి నాలుగు: థైరాయిడ్‌కు థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు, గ్లిమిపిరైడ్‌తో మెట్‌ఫార్మిన్ కలిసిన ఒక షుగర్ గోలీ, బీపీకి టెల్మిసార్టన్, గ్యాస్‌కు పాంటాప్రజోల్. వాళ్లూ వీళ్లూ చెప్పగా చేరినవి ఆరు: కాల్షియం, 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి, జుట్టు రాలుతోందని బయోటిన్, నీరసానికి అశ్వగంధ, షుగర్‌కు పొడపత్రి చూర్ణం, మోకాళ్లకు అంగట్లో కొన్న పేరులేని పొడి. అన్నీ పొద్దున ఒకేసారి మింగుతున్నారు, థైరాయిడ్ మాత్రం లొంగడం లేదు, డోసు పెంచమంటున్నారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అన్నది మీ ప్రశ్న.

థైరాయిడ్ ఎందుకు లొంగడం లేదో ఆ "ఒకేసారి" అన్న మాటలోనే ఉంది. కాల్షియం కడుపులో థైరాక్సిన్‌కు అంటుకుపోతుంది. అలా అంటుకున్న మందు పేగు గోడ దాటదు, నెత్తురులోకి ఎక్కకుండానే బయటికి పోతుంది. అమ్మ మింగేది 75 అయినా ఒంటికి అందేది అంతకన్నా తక్కువే. దాంతో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే నెత్తురు పరీక్షలో పెరిగి కనిపించే అంకె, పెరుగుతుంది. కాల్షియం సంగతి డాక్టర్‌కు ఎవరూ చెప్పరు, కాబట్టి ఆయన 75ను 100 చేస్తారు, తర్వాత 125 చేస్తారు. ఐరన్ గోలీలు, జింక్ కలిసిన మల్టీవిటమిన్లు, గ్యాస్‌కు సీసాతో తాగే మందులు కూడా కాల్షియం లాగే అడ్డుపడతాయి. వీటికీ థైరాక్సిన్‌కూ మధ్య 4 గంటలు ఎడం ఉండాలి. అరగంట, గంట చాలదు.

థైరాక్సిన్ పొద్దుగాల లేవంగానే పరగడుపున, ఉత్త మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత 45 నిమిషాల నుంచి గంట దాకా ఏమీ వద్దు, చాయ్ కూడా వద్దు. మన ఇళ్లలో లెక్క తప్పేది చాయ్ దగ్గరే: గోలీ గొంతు దిగకముందే గ్లాసు చేతికొస్తుంది. పత్తి ఏరడానికో నాట్లకో తెల్లారకముందే పోయేవాళ్లకు పొద్దున గంటసేపు ఆగడం కుదరదు. వాళ్లు రాత్రి బువ్వ తిన్న 3 గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. అయితే ఆ రాత్రి తిండితో కాల్షియం, ఐరన్ ఉండకూడదు.

ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. కాల్షియంతో కలిపి మింగినన్నాళ్లూ డోసు పెంచుకుంటూ పోయి, ఒక రోజు ఉన్నట్టుండి కాల్షియాన్ని మధ్యాహ్నానికి మార్చారనుకోండి. అంతవరకూ కొంత వృథా అవుతున్న మందు ఇప్పుడు బాగా ఒంటికి పడుతుంది. 75 చాలే మనిషికి 125 ఎక్కితే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం మొదలవుతాయి. అలాగే కొనసాగితే ఎముకలు గుల్లబారతాయి, ఎముకల కోసమే కాల్షియం మొదలుపెట్టిన మనిషికి. అందుకే వేళలు మార్చే ముందే డాక్టర్‌కు చెప్పండి, మార్చిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించండి. అంతకన్నా ముందు చూపిస్తే అంకె ఇంకా కుదుటపడి ఉండదు. మీ అమ్మకు 75 దాటలేదు కాబట్టి మీరు సరైన సమయంలోనే అడిగారు. ముందు ఎడం పాటించి చూడాలి, డోసు పెంచడం ఆ తర్వాతి మాట.

పాంటాప్రజోల్‌ది వేరే దారి. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, థైరాక్సిన్ గోలీ బాగా కరగాలంటే ఆ ఆమ్లం కావాలి. ఇది ఎడం పాటిస్తే పోయే చిక్కు కాదు, ఎందుకంటే పాంటాప్రజోల్ ప్రభావం రోజంతా ఉంటుంది. అసలు అమ్మకు ఆ గోలీ ఇంకా అవసరమా అని అడగండి. ఎప్పుడో వారం పది రోజులకని రాసిన గ్యాస్ గోలీ ఏళ్ల తరబడి సాగడం మన దగ్గర మామూలైపోయింది.

ఇంకొకటి, గోలీ దాచే చోటు. ఎండాకాలంలో నల్లగొండ వేడి మీకు నేను చెప్పాలా? రేకుల ఇంట్లో, కిటికీ గూట్లో థైరాక్సిన్ సీసా పెడితే మందు బలం తగ్గుతుంది. వేడి, వెలుతురు, తేమ మూడూ దానికి పడవు. వచ్చిన సీసాలోనే, మూత గట్టిగా బిగించి, ఇంట్లో చల్లటి చీకటి మూలన ఉంచండి. వారానికి సరిపడా గోలీలు ప్లాస్టిక్ డబ్బా అరల్లో సర్దే అలవాటు ఈ ఒక్క మందుకు వద్దు.

బయోటిన్ మందుకు అడ్డం రాదు, పరీక్షకు అడ్డం వస్తుంది. రోజుకు మనిషికి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. జుట్టు గోలీలో 10 మి.గ్రా. ఉంటుంది, అంటే 10,000 మైక్రోగ్రాములు. ల్యాబుల్లో హార్మోన్లు కొలిచే చాలా కిట్లు బయోటిన్ అంటుకునే గుణం మీద ఆధారపడి పనిచేస్తాయి. నెత్తురులో బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ లెక్క తలకిందులవుతుంది: టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) లేనంత ఎక్కువగా కనిపిస్తుంది. ఒంట్లో థైరాయిడ్ తక్కువున్న మనిషికే కాగితం మీద ఎక్కువైనట్టు వస్తుంది. ఇంతకన్నా ప్రమాదం ఛాతీ నొప్పితో దవాఖానకు పోయినప్పుడు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను ఇది తక్కువ చేసి చూపగలదు. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. ఏ నెత్తురు పరీక్షకైనా కనీసం 2 రోజులు, 10 మి.గ్రా. వేసుకునేవాళ్లు 3 రోజుల ముందు ఆపాలి. నిజానికి బయోటిన్ లోపం అరుదు, థైరాయిడ్ తక్కువైనా జుట్టు రాలుతుంది. అమ్మకు మూలం అక్కడే ఉండొచ్చు. నేనైతే ఈ డబ్బా కొనడం మాన్పిస్తాను.

కాల్షియం, విటమిన్ డి ఉంచాలా అంటే ఆలోచించి ఉంచాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. పావు లీటరు పాలల్లో సుమారు 300, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. అమ్మ రాగి అంబలి తాగుతూ, పెరుగో సల్లో పోసుకుని తింటే మిగిలిన కొరతకు ఒక గోలీ సరిపోతుంది. సీసా మీద "కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. ఒక్కసారికి అంతకు మించి పేగు బాగా పీల్చుకోలేదు, కాబట్టి రెండు గోలీలు ఒకేసారి వేస్తే రెండోదాంట్లో చాలా మటుకు వృథా. కార్బొనేట్ రకం అన్నంతోనే వేసుకోవాలి, దానికి ఆమ్లం కావాలి. పాంటాప్రజోల్ ఆపలేని పరిస్థితి అయితే కాల్షియం సిట్రేట్ రకం అడగండి, దానికి ఆ ఇబ్బంది లేదు.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికి ఒక్కటి. మామూలుగా 8 వారాలు, ఆ తర్వాత డాక్టర్ చెబితే నెలకొకటి. దీన్ని రోజూ పాలల్లో కలుపుకుని తాగేవాళ్లున్నారు, బలం మందు అనుకుని. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది, మూత్రంలో ఇట్టే పోదు. ఎక్కువైతే నెత్తురులో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, మత్తు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ గోలీ పట్టీ మీద టెల్మిసార్టన్ పక్కన క్లోర్థాలిడోన్ అనో హైడ్రోక్లోరోథయజైడ్ అనో ఉంటే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అవి కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు. డిజాక్సిన్ వాడే గుండె రోగుల్లో ఇలా పెరిగిన కాల్షియం గుండె లయనే చెడగొడుతుంది. "ఒక్క సూదితో ఆరు నెలలు నిశ్చింత" అని 6 లక్షల యూనిట్ల సూది వేస్తామంటే, పరీక్ష లేకుండా వేయించుకోవద్దు.

మోకాళ్ల నొప్పికి కాల్షియం మొదలుపెట్టే ముందు మన జిల్లాలో అడగాల్సిన ప్రశ్న నీళ్ల గురించి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లు ఏళ్లపాటు తాగినవాళ్లలో కీళ్లు బిగుసుకుపోవడం, మెడ తిరగకపోవడం, నడుం వంగకపోవడం ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. మంచినీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకుండా ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇంటికి భగీరథ నల్లా వస్తున్నా, చేను దగ్గర, వంటకు ఇంకా బోరు నీళ్లే వాడుతున్నారేమో చూడండి. తిండితో తీసుకున్న కాల్షియం కడుపులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఆపుతుంది, అందుకే పాలు, రాగులు ఈ ప్రాంతానికి మంచివి. డికాషన్ చాయ్‌లో, నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఎక్కువ. అరుగుదలకని నల్ల ఉప్పు కలిపిన చూర్ణాలు తెచ్చే అలవాటుంటే మానిపించండి. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి పంపేది కిడ్నీలే, కాబట్టి ఇలాంటివాళ్లలో పెద్ద డోసు విటమిన్ డి ఇచ్చే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకోవాలి.

మీ జాబితాలో లేనిది, అమ్మకు అసలు అవసరం పడే అవకాశం ఎక్కువున్నది విటమిన్ బీ12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగు బీ12ను సరిగా పీల్చుకోదు, పాంటాప్రజోల్ తోడైతే ఆ కొరత ఇంకా ముదరవచ్చు. లివర్‌లో నిలవ ఉంటుంది కాబట్టి లోపం బయటపడడానికి కొన్నేళ్లు పడుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వస్తే "షుగర్ వల్లే" అని సరిపెట్టుకుంటాం. ముందు పరీక్ష చేయించండి: 200 పికోగ్రాములకన్నా తక్కువైతే లోపమే, 200 నుంచి 300 మధ్య అనుమానమే. బీ12 కలిసిన నరాల గోలీ మొదలుపెట్టాక పరీక్ష చేస్తే అంకె పెరిగి కనిపిస్తుంది, అసలు సంగతి తెలియదు. ఉత్త ఫోలిక్ యాసిడ్ గోలీ మాత్రం వేసి ఊరుకోవద్దు. అది నెత్తురు తక్కువైన గుర్తును చెరిపేస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. నరాల గోలీల్లో కలిపే బీ6 రోజుకు 100 మి.గ్రా. దాటి నెలల తరబడి పోతే అదే తిమ్మిర్లు పుట్టిస్తుంది. వెనక ఉన్న అంకె చదివి కొనండి.

పొడపత్రికి షుగర్ తగ్గించే గుణం ఉంది. చిక్కల్లా అది గ్లిమిపిరైడ్‌కు తోడు కావడమే. రెండూ కలిసి ఎంత తగ్గిస్తాయో ముందుగా చెప్పలేం, చూర్ణంలో ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ బలం ఒకేలా ఉండదు. కాకరకాయ రసం, మెంతుల పొడి మోతాదు మించితే వాటికీ ఇదే లెక్క. కూరగా కాకరకాయ తింటే భయం లేదు, పొద్దున్నే గ్లాసుడు రసం వేరు. షుగర్ 70 కిందికి దిగితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తిక్కగా మాట్లాడడం కనిపిస్తాయి. ఉపవాసం రోజున, బువ్వ ఆలస్యమైన రోజున ఎక్కువ. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే మూడు చిన్న చెంచాలు నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మామూలు చక్కెర అననిది ఎందుకంటే షుగర్ గోలీలో వోగ్లిబోస్ కలిసి ఉంటే అది చక్కెరను పేగులో విడిపోనివ్వదు, గ్లూకోజే పనిచేస్తుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయొద్దు, దవాఖానకు తీసుకుపోవాలి. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, తేరుకున్నారు కదా అని ఇంటికి తెచ్చేయొద్దు. అమ్మకు పొడపత్రి ఆపండి. ఆపాక రెండు వారాలు షుగర్ చూస్తూ ఉండండి, పెరిగితే డాక్టర్ గోలీ సరిచేస్తారు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది అంగట్లో కొన్న ఆ మోకాళ్ల పొడి. ఎవరు చేశారో, ఏం కలిపారో రాయని పొడి రెండు మూడు రోజుల్లోనే నొప్పి మాయం చేస్తే అందులో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడో, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందో కలిసిందని అనుమానించాలి. ఇలాంటి కల్తీ కొత్తది కాదు, మన దేశంలో మళ్లీ మళ్లీ దొరుకుతూనే ఉంది. స్టెరాయిడ్ అయితే షుగర్, బీపీ ఎంత మందు వేసినా దిగవు, ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. అమ్మలో ఇవి ఉన్నాయేమో చూడండి. డైక్లోఫెనాక్ అయితే టెల్మిసార్టన్‌తో కలిసి కిడ్నీ మీద పడుతుంది, నీళ్లు లాగే బీపీ గోలీ కూడా ఉంటే మరీ.

దీన్ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. మూడు వారాలకన్నా ఎక్కువ స్టెరాయిడ్ పోయిన ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్, కార్టిసాల్, ఆగిపోయి ఉండొచ్చు. హఠాత్తుగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. మిగిలిన పొట్లం పట్టుకుని నల్లగొండ పెద్ద దవాఖానలో ఫిజీషియన్ దగ్గరికి పోండి. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని చెంచాలు వేసుకున్నారో చెప్పండి. పొద్దున 8 గంటలకు కార్టిసాల్ పరీక్ష చేసి ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. దీని బదులు గ్లూకోసమైన్ వేయమంటారా అని అడుగుతారేమో: మోకాలు అరుగుదలకు దాని ఉపయోగం అంతంతే, డబ్బు దండగ.

అశ్వగంధ కూడా తీసేయమంటాను. అది థైరాయిడ్ హార్మోన్‌ను కొంత పెంచగలదు, షుగర్, బీపీ కొంత తగ్గించగలదు, నిద్రమత్తు తెస్తుంది, కొందరిలో లివర్ దెబ్బతిన్న సంగతులు ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. ఒక్కొక్కటీ చిన్నదే కావచ్చు, కానీ థైరాయిడ్, షుగర్, బీపీ మూడింటికీ గోలీలు వేసుకునే మనిషిలో ఏ అంకె ఎందుకు మారిందో ఎవరికీ అంతుపట్టకుండా పోతుంది. కామెర్ల ఛాయ, ముదురు పసుపు మూత్రం కనబడితే ఆలస్యం చేయొద్దు. తిప్పతీగ రసానికీ, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌కూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. కూరలో వేసే పసుపుకు కాదు.

ఇంట్లో మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కలు. గుండె కవాటం మార్చి వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడేవాళ్లు పుంటికూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినాలి. కొత్తగా మల్టీవిటమిన్, చేపనూనె, వెల్లుల్లి క్యాప్సూల్స్, విటమిన్ ఈ మొదలుపెడితే వారంలో నెత్తురు గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూపించుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ వాడే రోజుల్లో కాల్షియం, ఐరన్ కలిస్తే ఆ మందు పనిచేయదు. ఆ గోలీలకు 2 గంటల ముందో 6 గంటల తర్వాతో మందు వేసుకోవాలి. గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం రెండూ అవసరమే, రెండింటి మధ్య 2 గంటలు ఎడం, ఐరన్‌తో చాయ్ వద్దు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, ఫోలిక్ యాసిడ్ ఆ రోజు కాకుండా ఇంకో రోజు. టెల్మిసార్టన్ వాడే కిడ్నీ రోగికి తక్కువ సోడియం ఉప్పు పెట్టొద్దు, దాంట్లో పొటాషియం ఉంటుంది. దగ్గు చూర్ణంలోని అతిమధురం బీపీ పెంచి పొటాషియం దించుతుంది.

ఇప్పుడు అమ్మ రోజు ఇలా ఉండాలి. తెల్లవారి 5:30కు థైరాక్సిన్, మంచినీళ్లు. 6:30 దాటాక చాయ్. పాంటాప్రజోల్ ఉంచమన్నారంటే టిఫిన్‌కు అరగంట ముందు. షుగర్ గోలీ టిఫిన్‌తోనే, తిండి కంచంలో కనబడ్డాకే. టెల్మిసార్టన్ దాంతోపాటే. మధ్యాహ్నం ఒంటిగంట బువ్వతో ఒక కాల్షియం, విటమిన్ డి వాడాల్సి ఉంటే ఆదివారం మధ్యాహ్నం అదే బువ్వతో. రాత్రికీ ఏదైనా గోలీ రాసి ఉంటే అది డాక్టర్ రాసిన ప్రకారం. పొడి కొన్నా, సీసా కొన్నా ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరో, ఆయుష్ లైసెన్సు నంబరో, తయారీ చిరునామా, గడువు తేదీ లేకపోతే ఇంట్లోకి రానివ్వొద్దు. నంబరున్నంత మాత్రాన మీ అమ్మ గోలీలతో పొసుగుతుందని అర్థం కాదు. ఏదైనా మందు, చూర్ణం వికటిస్తే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు, అది దేశవ్యాప్తంగా మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే నంబరు.

డాక్టర్ దగ్గరికి చీటీ రాసుకుని పోవద్దు, పది డబ్బాలూ ఒక సంచిలో వేసుకుని పోండి. చూర్ణాలు మందులు కావని ఇంటివాళ్లు చెప్పకుండా దాటేసేది చీటీ దగ్గరే. వేళలు మార్చిన తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, 8వ వారంలో టీఎస్‌హెచ్, బీ12, క్రియాటినిన్ కలిపి చేయించండి. బయోటిన్ అప్పటికి ఆగి ఉండాలి. ఆ పొద్దున థైరాక్సిన్ వేసుకోకముందే నెత్తురు ఇచ్చి, ఆ తర్వాత గోలీ వేయండి.